బోర్డు మీద పుర్రె బొమ్మ

మా కేంద్రంలో చదువుకునే పిన్ని ఒకావిడ రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. పొద్దున్నే ఆరింటికి కంపెనీ బస్సు ఎక్కుతుంది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీస్తుంది. ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి ఎనిమిదింటికి పలకా పుస్తకం పట్టుకుని కేంద్రానికి వస్తుంది. అందరికంటే ఆలస్యంగా చేరింది. అందరికంటే ముందుగా ఒత్తులు నేర్చుకుంది.

ఒకరోజు ఆమె ఒక కాగితం తెచ్చింది. దాని మీద పెన్సిలుతో గాలిపటం లాంటి గీత గీసింది. గీత లోపల పుర్రె, కింద రెండు ఎముకలు. ఆ కింద అక్షరాలు.

"టీచరమ్మా, నాలుగేళ్లుగా ఈ బోర్డు కిందే కూచుని క్యారేజీ అన్నం తింటున్నాను. ఇవాళ చదివాను. అమ్మోనియా అని ఉంది. ఏంటిది?" అంది.

"అమ్మో అని మొదలైందిగా, భయపడాల్సిందే" అన్నాడు వెనకాల కూర్చున్న తాత. అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు.

పోయిన వానాకాలం ఆ కంపెనీలో పైపు దగ్గర గ్యాసు లీకయింది. ముందు ఘాటు వాసన వచ్చింది. "ఏం కాదు, పని కానివ్వండి" అన్నాడట సూపర్‌వైజరు. కాసేపటికి కళ్లు మండాయి. గొంతు పట్టేసింది. ఆడవాళ్లందరూ రోజూ వెళ్లే తలుపు వైపే పరుగెత్తారు. గ్యాసు కూడా అటే వస్తోంది. పిన్ని పక్కన కూర్చునే అమ్మాయి రొయ్యల చేత్తోనే కళ్లు నులుముకుంది. పది రోజులు దానికి చూపు మసకగా ఉంది. ఎవరూ చనిపోలేదు. అందుకని ఎవరూ దాని గురించి మళ్లీ మాట్లాడలేదు కూడా.

పిన్ని అడిగినదానికి ఆ రాత్రి నేను సరిగా చెప్పలేకపోయాను. మండలంలో హైస్కూలు సైన్సు మాస్టారి దగ్గరికి వెళ్లి, పుస్తకాలు తెచ్చుకుని చదివాను. అదే ఇప్పుడు పాఠంగా రాస్తున్నాను.

ముందు మన వంటింట్లోకి వెళదాం. అక్కడ గ్యాసు బండ ఉంది. సున్నం డబ్బా ఉంది. అటక మీద ఎలుకల మందు ఉంది. మూడూ ప్రమాదమే. కానీ మూడూ ఒకే రకం ప్రమాదమా? కాదు. గ్యాసు బండతో భయం నిప్పు. సున్నంతో భయం కన్ను. ఎలుకల మందుతో భయం నోరు. అందుకే గ్యాసు బండ దగ్గర దీపం పెట్టం. సున్నం చెయ్యి కంట్లో పెట్టుకోం. ఎలుకల మందు పిల్లలకు అందనివ్వం. ప్రమాదం ఏ రకమో తెలిస్తేనే జాగ్రత్త ఏ రకమో తెలుస్తుంది. ఊరికే "జాగ్రత్త, డేంజరు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

ఫ్యాక్టరీల్లో వాడే రసాయనాలను కూడా ఇలాగే విడదీసి చూస్తారు. దేశానికొక పద్ధతి ఉంటే గందరగోళం అని ఐక్యరాజ్య సమితి 2003లో ఒక పద్ధతి అచ్చువేసింది. అందులో మూడు గంపలు ఉన్నాయనుకోండి. మొదటి గంపలో ఆ వస్తువు తనంతట తాను చేసే ప్రమాదాలు. అంటే పేలడం, అంటుకోవడం, ఇంకోదానితో కలిసి పొంగడం. వీటిని భౌతిక ప్రమాదాలు అంటారు. రెండో గంపలో మన ఒంటికి చేసేవి. వీటిని ఆరోగ్య ప్రమాదాలు అంటారు. మూడో గంపలో చేపలకు, చెరువులకు, చెట్లకు చేసేవి.

ఒకే వస్తువు మూడు గంపల్లోనూ ఉండవచ్చు. అమ్మోనియా అలాంటిదే.

అమ్మోనియాతో మనకు పని ఏమిటి? చాలా ఉంది. యూరియా తయారయ్యేది దానితోనే. ఐసు ఫ్యాక్టరీలో నీళ్లు గడ్డకట్టేది, కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు పాడు కాకుండా ఉండేది, రొయ్యలు రాయిలా బిగిసేది చాలా చోట్ల దాని చలవే. అది చెడ్డ వస్తువు కాదు. పైపులో ఉన్నంతసేపు మన నౌకరు.

అది మామూలుగా గ్యాసు. రంగు లేదు. కంటికి కనపడదు. బాగా నొక్కితే నీళ్లలా ద్రవం అవుతుంది. గ్యాసు బండ ఊపితే లోపల గలగలమంటుంది చూడండి, అలాగన్నమాట. నొక్కిపెట్టిన చెయ్యి తీస్తే అమ్మోనియా ద్రవం సున్నాకు 33 డిగ్రీలు కింద ఉన్నా మరిగిపోతుంది. ఐసు కూడా దానికి పొయ్యి లాంటిదే! మరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే అది చల్లబరుస్తుంది.

ఇప్పుడు మొదటి గంప చూద్దాం. ఒత్తిడి. మామూలు ఎండ రోజున, 30 డిగ్రీల దగ్గర, ట్యాంకులో అమ్మోనియా మన చుట్టూ ఉన్న గాలికంటే పది రెట్లకు పైగా ఒత్తిడితో తోస్తూ ఉంటుంది. ఒక లీటరు ద్రవం బయటపడితే 800 లీటర్లకు పైగా గ్యాసు అవుతుంది. చిన్న చిల్లు అయినా చిన్న లీకు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆఫ్రికాలో సెనెగల్ అనే దేశం ఉంది. దాని రాజధాని డాకర్. అక్కడ ఒక వేరుశనగ నూనె ఫ్యాక్టరీకి అమ్మోనియా తెచ్చే ట్యాంకు ఉండేది. అది ఒకసారి చిట్లితే వెల్డింగు చేసి మళ్లీ వాడారు. పట్టాల్సిన దానికంటే ఎక్కువ నింపారు. 1992 మార్చి 24న అది పగిలింది. 129 మంది చనిపోయారు. వెయ్యి మందికి పైగా గాయపడ్డారు. ప్రాణాలు తీసింది ఎక్కువగా విషమే. కానీ మొదలు ఎక్కడ? ఒత్తిడి దగ్గర. భౌతిక ప్రమాదం తలుపు తీస్తుంది. ఆరోగ్య ప్రమాదం ఆ తలుపులోంచి వస్తుంది. అందుకే రెండు గంపలూ చూడాలి. పుర్రె బొమ్మ ఒక్కటి చూస్తే చాలదు.

మొదటి గంపలోనే ఇంకోటి, నిప్పు. వంట గ్యాసు గాలిలో నూటికి 2 వంతులు కలిస్తేనే అంటుకుంటుంది. అమ్మోనియా అంటుకోవాలంటే నూటికి 15 నుంచి 28 వంతులు ఉండాలి. అంత గాఢంగా ఉన్న చోట మనిషి నిలబడలేడు. ఆరుబయట అది అంటుకోవడం అరుదు. మూసిన గదిలో పోగయితే మాత్రం ఒక్క నిప్పురవ్వ చాలు. కంప్రెసరు గదిలో పేలుళ్లు జరిగింది అందుకే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త పద్ధతిలో అమ్మోనియా నిప్పు విషయంలో రెండో మెట్టు మీద ఉంటుంది. రెండో మెట్టు గ్యాసులకు మంట బొమ్మ వేయరు. కాబట్టి చీటీ మీద మంట బొమ్మ ఉండదు. బొమ్మ లేదు కదా అని ఆ గదిలో బీడీ వెలిగించకూడదు. కింద రాసిన అక్షరాలు కూడా చదవాలి. బొమ్మ చూస్తే సగమే తెలుస్తుంది. అందుకే కదా మనం చదువుకుంటున్నాం!

రొయ్యల కంపెనీ వాళ్లు ఇంకోటి గుర్తు పెట్టుకోవాలి. మీరు బల్లలు, గమేళాలు కడిగే క్లోరిన్ నీళ్లు, బ్లీచింగు పౌడరు అమ్మోనియాతో కలిస్తే ఇంకో విష వాయువు పుడుతుంది. లీకు అయిన చోట బ్లీచింగు చల్లకూడదు. కంపు పోతుందని కొందరు చల్లుతారు.

ఇక రెండో గంప. అంటే మన ఒళ్లు.

అమ్మోనియాకు నీళ్లంటే ప్రాణం. ఎక్కడ తడి ఉంటే అక్కడికి పోతుంది. మన ఒంట్లో తడి ఎక్కడ ఉంది? కంట్లో. ముక్కులో. గొంతులో. ఊపిరితిత్తుల్లో. చెమట పట్టిన చంకల్లో, మెడ మీద. ఆ తడిలో కరిగి సున్నం లాంటి గుణం తెచ్చుకుంటుంది. సున్నం కంట్లో పడితే ఏమవుతుందో మన ఊళ్లో అందరికీ తెలుసు. పైపైన మండి ఊరుకోదు. లోపలికి తినేస్తుంది. ద్రవమే మీద పడితే రెండు దెబ్బలు. ఒకటి సున్నంలా కాలుస్తుంది. రెండు, గడ్డకట్టేంత చలితో చర్మాన్ని చంపుతుంది.

ఎంత పీలిస్తే ఎంత ప్రమాదం? దీనికి ఒక లెక్క ఉంది. పది లక్షల బియ్యపు గింజలు రాశిగా పోశామనుకోండి. అందులో 25 మట్టి బెడ్డలు ఉన్నాయి. గాలి బియ్యం అయితే అమ్మోనియా ఆ బెడ్డలు. పది లక్షల వంతుల గాలిలో 25 వంతులు. ఎనిమిది గంటల పనిలో అంతకు మించకూడదని మన ఫ్యాక్టరీల చట్టం పట్టికలో రాశారు. 300 వంతులు అయితే అక్కడ నిలబడడమే ప్రాణాపాయం కింద లెక్క. కొందరి ముక్కుకు 5 వంతులకే వాసన తెలుస్తుంది. కొందరికి 50 దాకా తెలియదు. ఇంకో మోసం కూడా ఉంది. రోజూ పీల్చే ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. "నాకేం వాసన రావడం లేదు" అని పాత పనివాళ్లు అంటే నమ్మవద్దు. కొత్తగా చేరిన పిల్ల "ఏదో వాసన" అంటే ఆ పిల్ల మాట వినండి.

ఆరోగ్య ప్రమాదాల్లోనూ రకాలు ఉన్నాయి. వెంటనే ప్రాణం మీదికి తెచ్చేది ఒకటి. చర్మాన్ని, కంటిని తినేసేది ఒకటి. ఏళ్ల తరబడి లోపల పని చేసి క్యాన్సరు వంటివి తెచ్చేది ఇంకొకటి. అమ్మోనియా క్యాన్సరు జాబితాలో లేదు. దాని దెబ్బ వెంటనే కొట్టే దెబ్బ. ఉబ్బసం ఉన్నవాళ్లకు కొంచెం పీల్చినా కష్టం.

మూడో గంప గురించి ఒక్క మాట. అమ్మోనియా కలిసిన నీళ్లు కాలవలోకి పోతే చేపలు చచ్చిపోతాయి. చెరువు సాగు చేసేవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కరలేదు.

ఇప్పుడు పిన్ని కాగితం మళ్లీ తీద్దాం. ఆ కాగితానికి రెండో పక్క ఇంకో బొమ్మ ఉంది. అది ట్యాంకు మీద వేసినదట. నాలుగు గళ్ల గాలిపటం. నీలం గడిలో 3. ఎర్ర గడిలో 1. పసుపు గడిలో 0. తెల్ల గడి ఖాళీ.

"3 అంటే తక్కువేగా టీచరమ్మా? ఒకటో నంబరు కదా పెద్దది?" అంది పిన్ని.

నేనూ అలాగే అనుకున్నాను. చదివాక తెలిసింది, ఇది అమెరికాలో మంటలార్పే వాళ్లు పెట్టుకున్న గుర్తు. ఇందులో 0 అంటే ప్రమాదం లేదు. 4 అంటే అన్నిటికంటే ఎక్కువ. నీలం ఆరోగ్యం. ఎరుపు నిప్పు. పసుపు తనంతట తాను పేలే గుణం. అంటే ఈ బొమ్మలో అమ్మోనియా ఒంటికి చాలా చేటు, నిప్పుకు కొంచెం, తనంతట పేలదు.

ఐక్యరాజ్య సమితి పద్ధతిలో లెక్క తిరగబడుతుంది. అక్కడ 1వ మెట్టు అన్నిటికంటే ఘోరం. అంకె పెరిగిన కొద్దీ ప్రమాదం తగ్గుతుంది. అమ్మోనియా పీల్చే విషాల్లో 3వ మెట్టు. చర్మాన్ని తినేయడంలో 1వ మెట్టు. 1, 2, 3 మెట్ల విషాలకు మూడింటికీ పుర్రె బొమ్మే వేస్తారు. కాబట్టి 3 అని చూసి తేలిక అనుకోకూడదు.

ఒకే అంకె ఒక బోర్డు మీద ఒక అర్థం, ఇంకో బోర్డు మీద తిరగబడ్డ అర్థం! ఇది పెట్టినవాళ్లు పనివాళ్లను అడిగి పెట్టి ఉంటే ఇలా ఉండేది కాదని నాకు అనిపిస్తుంది. కానీ ఉన్నది ఉంది. గుర్తు ఇలా పట్టుకోండి. రంగు గళ్లు ఉంటే పెద్ద అంకె పెద్ద ప్రమాదం. ఎర్ర అంచున్న తెల్ల గాలిపటం చీటీ అయితే చిన్న అంకె పెద్ద ప్రమాదం.

అమ్మోనియా చీటీ మీద ఎర్ర అంచు గాలిపటాలు నాలుగు ఉంటాయి. సిలిండరు బొమ్మ ఉంటే ఒత్తిడిలో ఉన్న గ్యాసు. పుర్రె ఉంటే విషం. గొట్టంలోంచి చుక్కలు చేతి మీద పడుతున్న బొమ్మ ఉంటే ఒళ్లు తినేసేది. ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉంటే నీళ్లకు చేటు. రోడ్డు మీద పోయే ట్యాంకరు వెనక 1005 అనే అంకె కనపడితే అందులో ఉన్నది అమ్మోనియా. ప్రపంచం అంతా అదే అంకె. ఆ ట్యాంకరు బోల్తా పడితే చూడడానికి దగ్గరికి పోవద్దు. దూరం నుంచే అంకె చదివి ఫైరు వాళ్లకు ఫోనులో చెప్పండి. పేరు తెలియకపోయినా వాళ్లకు ఆ అంకె చాలు.

లీకు అయితే ఏం చేయాలి? ఇది పిన్ని మళ్లీ మళ్లీ అడిగింది.

పరుగెత్తే ముందు గాలి ఎటు వీస్తోందో చూడాలి. కంపెనీలో కర్రకు కట్టిన గాలి సంచీ ఉంటే అది చూడండి. లేకపోతే జెండా, కొబ్బరాకులు. గ్యాసు పోయే వైపు పోవద్దు. గ్యాసులోకి ఎదురు వెళ్లవద్దు. గాలికి అడ్డంగా, పక్కకు వెళ్లి, తర్వాత లీకుకు పై గాలి వైపు చేరాలి. కొంగు తడిపి ముక్కుకూ నోటికీ అడ్డం పెట్టుకోండి. అమ్మోనియాకు నీళ్లంటే ప్రాణం అన్నాను కదా. తడి గుడ్డ కొంత పట్టుకుంటుంది. అది తప్పించుకునే కాసేపటికే. ఆ గుడ్డతో పని చేయడానికి కాదు.

అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుంది అని పుస్తకంలో ఉంటుంది. నిజమే. కానీ ట్యాంకులోంచి ఒక్కసారిగా వచ్చేది విపరీతమైన చల్లదనంతో, తేమతో కలిసి తెల్లటి మంచులా నేల మీద పాకుతుంది. అమెరికాలో మైనాట్ అనే ఊరి పక్కన 2002 జనవరి 18న తెల్లవారకముందే అమ్మోనియా మోసే రైలు పట్టాలు తప్పింది. మబ్బు ఇళ్ల మీదికి వచ్చింది. ఇళ్లలో తలుపులు మూసుకుని, స్నానాల గదిలో నీళ్లు వదులుకుని, తడి గుడ్డలతో ఊపిరి పీల్చుకున్నవాళ్లు బతికారు. చనిపోయింది ఒక్కరే. ఆయన బయటికి వచ్చి ఆ మబ్బులోంచి తప్పించుకోబోయినవాడు. కాబట్టి మబ్బు అప్పటికే ఇంటి చుట్టూ ఉంటే బయటికి రావద్దు. తలుపులు మూసి సందుల్లో తడి గుడ్డలు కుక్కండి.

అన్ని గ్యాసులకూ ఇదే పద్ధతి అనుకోకండి. 2020 మే 7న విశాఖపట్నం పక్కన వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చింది స్టైరిన్. దాని ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. మంట దానికి తొందరగా అంటుకుంటుంది. అది నీళ్లలో సరిగా కరగదు కూడా. పేరు మారితే గంపలు మారతాయి. అందుకే ముందు పేరు చదవాలి.

కంట్లో పడితే నులమవద్దు. రెప్పలు విప్పి పట్టుకుని శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి. కనీసం 15 నిమిషాలు. రెండు చెంబులు పోసి ఆపేయవద్దు. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి కడగాలి. బట్ట చర్మానికి గడ్డకట్టి అంటుకుంటే లాగవద్దు, చర్మం ఊడి వస్తుంది. నీళ్లు పోస్తూ ఉంటే అదే వదులుతుంది. నూనె, పసుపు, ఆకు పసరు ఏదీ రాయవద్దు. నేల మీద మడుగు కట్టిన ద్రవం మీద మాత్రం నీళ్లు పోయకూడదు. వేడి పుట్టి ఇంకా మరిగి లేస్తుంది. గట్టిగా పీల్చినవాళ్లు "తగ్గిపోయింది" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. దీనికి విరుగుడు మందు లేదు. లోపల ఎవరైనా పడిపోతే ముసుగు, సిలిండరు లేకుండా లోపలికి దూకవద్దు. ఇది చెప్పడం సులువు, చేయడం కష్టమని నాకు తెలుసు.

ఈ సంగతులు చెప్పాల్సింది నేను కాదు, కంపెనీ. 1984 డిసెంబరులో భోపాల్‌లో వేల మంది చనిపోయారు. తమ ఊళ్లో ఏ విషం నిలవ ఉందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో కొత్త మాట చేర్చారు. ప్రమాదకరమైన పని జరిగే ఫ్యాక్టరీలో యజమాని ఆ ప్రమాదాలను, వాటి నుంచి కాపాడుకునే దారిని పనివాళ్లకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 కోడ్‌లో కూడా ఆ మాట ఉంది.

పిన్ని ఇప్పుడు ఆ బోర్డు కింద అన్నం తినడం లేదు. పక్కన కూర్చునే అమ్మాయికి పుర్రె కింద అక్షరాలు వేలు పెట్టి చదివి చెప్పిందట. "రెండో తలుపు ఎక్కడుంది, దాని తాళం ఎవరి దగ్గరుంది?" అని సూపర్‌వైజరును అడిగింది. "ఎందుకు నీకు?" అన్నాడు. మర్నాడు ఎనిమిది మంది కలిసి అడిగారు. తాళం తీశారు. తలుపు ముందు పేర్చిన ఐసు డబ్బాలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

చదవండి, మాట్లాడుకోండి

మీరు పని చేసే చోట ఏయే బోర్డులు ఉన్నాయి? ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దింపుకుని కేంద్రానికి తీసుకురండి.

గ్యాసు బండను మీరు ఏ గంపలో వేస్తారు? సున్నాన్ని? పొలానికి కొట్టే పురుగుల మందును?

మీ పనిచోట రెండో తలుపు ఎటుంది? దాని ముందు ఏముంది?